పాత ట్రాక్టర్‌కు రిపేరా.. కొత్తదానికి కిస్తీలా?

2025 దసరాకు ఊరెళ్తే మా ఇంట్లో ఒకటే పంచాయితీ. షెడ్డులో ఉన్న పదహారేళ్ల మినీ ట్రాక్టర్‌ను ఏం చేయాలని. "అమ్మేద్దాం" అంటాడు తమ్ముడు. "ఇంజన్ దించితే ఇంకో పదేళ్లు తిరుగుతది" అంటాడు మెకానిక్ అన్న. నాయన ఏమీ అనడు. అమ్మ మాత్రం నావైపు తిరిగి "కట్టేటోనివి నువ్వే కదా, నువ్వే చెప్పు" అంది.

నిజమే. కొత్తది కొంటే కిస్తీలు వెళ్లేది నా జీతంలోంచే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా ఫ్లోర్‌లోనే ఈ రెండేళ్లలో ఖాళీ అయిన కుర్చీలు ఎన్నో చూశా. ఐదేళ్ల అప్పు అనగానే చెయ్యి ఆగుతుంది. అట్లాగని అదును మీద బండి మూలకు పడితే పంట ఆగదు, గడ్డీ ఆగదు. అందుకే పండగ మూడు రోజులూ ఇదే పనిగా కూర్చున్నా. ఊళ్లో మీ నాన్నదో, మామదో పాత బండి ఉంటే ఈ లెక్క మీకూ పనికొస్తుంది.

చిన్న బండే ఎందుకంటే..

మాది నల్లగొండ జిల్లా. నాలుగెకరాల బత్తాయి తోట, రెండెకరాల పత్తి. బత్తాయి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. పెద్ద ట్రాక్టర్ లోపలికి వెళ్తే కొమ్మలూ, కాయలూ రాలతాయి. పత్తి సాళ్ల మధ్యకు అసలు పట్టదు. 18 హెచ్.పి. చిన్న ట్రాక్టరైతే చెట్ల కింద రోటవేటర్ వేస్తుంది, సాళ్లలో గుంటుక తోలుతుంది, మందు కొట్టే పంపు నడుపుతుంది. 2009లో కొన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎడ్లు లేవు. ఆ పనంతా దీనిదే.

అప్పుడే పంచాయితీ మొదలవడానికి కారణం జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షోరూమ్ వాళ్లు ఇంటికే ఫోన్ చేశారు. తమ్ముడికి అదే పట్టుకుంది. అయితే అదే రోజు ట్రాక్టర్ టైర్లు, ట్యూబులు, కొన్ని విడిభాగాల మీద పన్ను కూడా 18 నుంచి 5కి దిగింది. ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. కొత్త బండి చవకైంది, పాతదాన్ని బాగుచేసుకోవడమూ చవకైంది.

ముందు బండి ఎట్లుందో చూడాలి

లెక్కలకు కూర్చునే ముందు బండి ఆరోగ్యం తెలియాలి. మెకానిక్ అన్న చూపించిన పరీక్షలివి. వీటికి పైసా ఖర్చు లేదు, ఫోన్ కెమెరా ఉంటే చాలు.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పొగను వీడియో తీయండి. నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, నాజిల్ సరిగా కొట్టడం లేదో. అది చిన్న పని. నీలం పొగ విడవకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, అంటే రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయని. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో, డీజిల్ సరిగా మండటం లేదేమో చూడాలి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత నెమ్మదిగా తీయండి. అక్కడి నుంచి బుస్‌బుస్‌మని పొగ ఎగదన్నుతుంటే పిస్టన్ పక్కల నుంచి గాలి కిందికి దిగుతోందన్నమాట. తర్వాత ఇంజన్ ఆపి ఆయిల్ గేజీ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. అలాంటప్పుడు ఇక బండి నడపొద్దు.

రోటవేటర్‌ను పైకి లేపి, ఇంజన్ ఆపి, పది నిమిషాలు వదిలేయండి. కిందికి జారుతుంటే లిఫ్ట్ సీళ్లు పోయినట్టు. ఆ పది నిమిషాలూ దాని కింద ఎవరూ చేయి, కాలు పెట్టొద్దు.

మా బండికి నీలం పొగ ఉంది, మూత దగ్గర బుస ఉంది, లిఫ్ట్ జారుతోంది. గేర్‌బాక్స్ శబ్దం లేదు, ఇంజన్ బ్లాక్ పగుళ్లు లేవు. మెకానిక్ అన్న భాషలో చెప్పాలంటే "రోగం ఉంది గానీ, పాణం మీదికి రాలే".

నాయన నోట్‌బుక్కే డేటాబేస్

ట్రాక్టర్ వయసును ఏళ్లతో కాదు, నడిచిన గంటలతో కొలుస్తారు. మా బండి మీటర్ ఎప్పుడో ఆగిపోయింది. కానీ నాయన డీజిల్ కొన్న ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాస్తాడు. ఏడాదికి సగటున 400 లీటర్లు. మా బండి గంటకు సుమారు 2 లీటర్లు తాగుతుంది. అంటే ఏడాదికి 200 గంటలు, పదహారేళ్లకు 3,200 గంటలు.

అదే పుస్తకంలో ఇంకో విషయం దొరికింది. 2025 జులై, ఆగస్టుల్లో హెడ్ గ్యాస్కెట్ పోయి ఒకసారి, క్లచ్ పోయి ఇంకోసారి బండి ఆగింది. రెండుసార్లూ అదును మీదే. పత్తిలో గడ్డి మోకాలెత్తు లేచాక కిరాయికి వేరే బండిని పిలిచారు. గంటకు 1,000 రూపాయల చొప్పున 31 గంటలు. అంటే 31 వేలు. అదే ఏడాది చిన్నాచితకా రిపేర్లకు పెట్టింది 22 వేలు. ఇది నాయన ఎవరికీ చెప్పలేదు. రాసిపెట్టాడంతే.

మూడు దారులు, ఐదేళ్ల లెక్క

అందరూ రెండు దారులే చూస్తారు. రిపేరా, కొత్తదా అని. నిజానికి మూడోది ఉంది. మనలో చాలామంది నడిచేది ఆ దారిలోనే. ఏదైనా పోయినప్పుడు ఆ ఒక్క పార్టూ వేసి తోలడం. మా ఊరి ధరలతో, నా అంచనాలతో మూడింటినీ ఐదేళ్లకు లెక్కేశా.

మొదటిది అతుకుల దారి. ఏడాదికి రిపేర్లు 22 వేలు, కిరాయి 31 వేలు, మొత్తం 53 వేలు. ఐదేళ్లకు 2,65,000. చివరికి బండి అమ్మితే 30 వేలు వస్తాయనుకుందాం. నికర ఖర్చు 2,35,000.

రెండోది కొత్త బండి. చేతికొచ్చేసరికి 4,10,000. పాతదానికి ఎక్స్‌ఛేంజ్ 70 వేలు పోతే 3,40,000. అందులో 90 వేలు చేతి నుంచి, మిగతా 2,50,000 అప్పు. 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల కిస్తీ సుమారు 5,560. మొత్తం వడ్డీ దాదాపు 83,700. సర్వీసింగ్‌కు ఐదేళ్లకు 20 వేలు. ఐదేళ్ల తర్వాత అమ్మితే 2,20,000 వస్తాయనుకుంటే నికర ఖర్చు సుమారు 2,23,700.

మూడోది పూర్తి రిపేరు. పిస్టన్లు, లైనర్లు, రింగులు, బేరింగులు, నాజిల్స్‌తో ఇంజన్ పనికి 48 వేలు. క్లచ్ 9 వేలు. లిఫ్ట్ పని 6 వేలు. వెనక టైర్లు రెండూ 18 వేలు. సీటు, వైరింగ్, ఇతర చిల్లర పనులు 4 వేలు. మొత్తం 85 వేలు. తర్వాత ఏడాదికి 10 వేల చొప్పున రిపేర్లు 50 వేలు. ఎంత బాగుచేసినా పాతది పాతదే కాబట్టి ఏడాదికి 8 గంటల కిరాయి కూడా వేశా, ఐదేళ్లకు 40 వేలు. చివరికి అమ్మితే 40 వేలు. నికర ఖర్చు 1,35,000.

ఒక్క నిమిషం ఆగి చూడండి. కొత్త బండి అప్పుకు కట్టే వడ్డీ ఒక్కటే 83,700. పాతదాన్ని మొత్తం బాగుచేయించడానికి 85 వేలు. ఇంకో సంగతి.. అన్నింట్లోకీ ఖరీదైనది అతుకుల దారే. "ఇప్పుడెందుకులే పైసలు" అనుకుని పొదుపు చేస్తున్నామని మనం నమ్మే దారి.

మా ఆఫీసులో పాత కోడ్‌ది కూడా ఇదే కథ. పూర్తిగా కొత్తగా రాయరు, ఉన్నదాన్ని శుభ్రం చేయరు. ప్రతి నెలా ఒక అతుకు వేస్తారు. పండగ రోజు రాత్రి అది కూలితే ఫోన్ నాకొస్తుంది.

లెక్క ఎక్కడ తిరగబడుతుంది?

పూర్తి రిపేరు ఎప్పుడూ గెలుస్తుందని కాదు. మా లెక్కలో గీత ఏడాదికి 26 గంటల దగ్గరుంది. పూర్తిగా బాగుచేయించాక కూడా అంతకుమించి కిరాయి బండి పిలవాల్సి వస్తే కొత్తదే నయం. మీ ఊళ్లో కిరాయి రేటు, మీ బండి గంటలు వేసుకుంటే మీ గీత ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

గంటలు పెరిగినా కథ మారుతుంది. "కొత్తది కొని కిరాయికి తిప్పుతా" అన్నాడు తమ్ముడు. ఏడాదికి 600 గంటలు నడిచే పనైతే నేనూ సరే అనేవాణ్ణే. కానీ మా ఊళ్లో ఇప్పటికే ఆరు మినీ ట్రాక్టర్లున్నాయి. ఏడోదాన్ని ఎవరు పిలుస్తారో పేర్లు రాయమన్నా. నాలుగు పేర్ల దగ్గర పెన్ను ఆగింది.

బ్లాక్ పగిలినా, గేర్‌బాక్స్ పోయినా, ఆ మోడల్ పార్టులు దొరకకపోయినా రిపేరు జోలికి వెళ్లొద్దు. షాపుకెళ్లి క్లచ్ ప్లేట్, లైనర్ సెట్, లిఫ్ట్ సీళ్లు ఎన్ని రోజుల్లో వస్తాయో అడగండి. "తెప్పిస్తాం" అంటే వారమా, నెలా అని తేల్చుకోండి. అదునులో వారం అంటే చాలా ఎక్కువ.

భయపడాల్సిన పనిలేనివీ కొన్ని ఉన్నాయి. పదేళ్లు దాటిన ట్రాక్టర్లన్నీ తుక్కుకే అని ఆ మధ్య వాట్సాప్‌లో తిరిగింది. అది అబద్ధమని కేంద్రమే చెప్పింది. వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. పనిముట్లూ అంతే. వెనక మూడు పాయింట్ల లింకేజీకి ప్రామాణిక కొలతలున్నాయి. రేపు అదే సైజు కొత్త బండి కొన్నా పాత గొర్రు, గుంటుక చాలావరకు దానికీ పడతాయి.

స్పానర్‌తో విప్పగలిగినన్నాళ్లు..

ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. అమెరికాలో పెద్ద ట్రాక్టర్లలో కొన్ని రిపేర్లకు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది రైతు చేతిలో ఉండదు. దీని మీద అక్కడ పెద్ద పోరాటమే నడిచింది. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలైంది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ మీద కోర్టుకెళ్లింది. మన దగ్గర 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసింది. ముందుగా తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి.

కొత్త పొగ నిబంధనలు 2023 జనవరి నుంచి వచ్చినా, అవి 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకే. మా 18 హెచ్.పి. బండిలో డీజిల్ పంపు మెకానికల్‌ది. ల్యాప్‌టాప్ అవసరం లేదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికే నేనే చెప్తున్నా, ట్రాక్టర్‌లో సాఫ్ట్‌వేర్ లేకపోవడం మాకు కలిసొచ్చింది.

లెక్కలో గడి లేని సంగతి

నంబర్లన్నీ చూపించాక నాయన నోరు విప్పాడు. "పైసలు సరేరా. అదునుల మళ్ల ఆగితే? నాకు నడుము పట్టేస్తుంది, దిగి ఎక్కి దాన్ని బతిమాలుడు నాతోని కాదు."

ఆయనకు 58. పొగ, క్లచ్ అన్నీ రాసిన నా ఎక్సెల్ షీట్‌లో ఆయన నడుముకు గడి లేదు. అందుకే రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, మంచి సీటు వేయించాలి, స్టీరింగ్ ఆట తీయించాలి, బ్రేకులు సరిచేయించాలి. విరిగిపోయిన పీటీఓ షాఫ్ట్ కవర్ కూడా వేయించాలి. తిరిగే షాఫ్ట్‌కు తువ్వాలో, లుంగీనో చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు. వీటిలో ఏదీ బేరమాడేది కాదు. రెండు, వచ్చే వానాకాలంలో కిరాయి 26 గంటలు దాటితే ఇంకో మాట లేకుండా కొత్త బండికి బయానా.

నవంబర్‌లో ఇంజన్ దించారు. లైనర్లు అనుకున్నంతే అరిగాయి. బిల్లు 88,500 అయింది, అనుకున్నదానికంటే 3,500 ఎక్కువ. ఇప్పుడు షెడ్డులో ఒక డబ్బా ఉంది. ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టర్లు, ఆయిల్ ఫిల్టర్, ఒక క్లచ్ కేబుల్. కొత్త గంటల మీటర్ బిగించాం. ఇది రాసే నాటికి తోటలో 41 గంటలు తిరిగింది. నీలం పొగ లేదు. అసలు పరీక్ష జులైలో, పత్తిలో గడ్డి లేచాక.

మీరు ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. బండి ఎట్లుందని అడగొద్దు, "బానే ఉంది" అంటారు. పోయిన ఏడాది అదును మీద ఎన్నిసార్లు ఆగిందో, కిరాయికి ఎంత పోయిందో అడగండి. రిపేరా, కొత్తదా అన్నది అక్కడి నుంచి మొదలుపెట్టండి.