పిల్లికి బిచ్చం: నో-కిల్ షెల్టర్ల కథా కమామిషు

తెలుగులో పిల్లికి మంచి పేరు లేదు. ఎదురొస్తే అపశకునం అంటాం. కళ్ళు మూసుకుని పాలు తాగే దొంగ అంటాం. ఎటూ తేల్చుకోని వాణ్ణి గోడ మీద పిల్లితో పోలుస్తాం. పరమ లోభి గురించి చెప్పాలంటే "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటాం. అంటే బిచ్చం పుచ్చుకునే వాళ్ళ వరసలో పిల్లిది చిట్టచివరి చోటన్నమాట.

అటువంటి పిల్లికి కూడూ గూడూ వెతికిపెట్టే సంస్థలు అమెరికాలో ఊరూరా ఉన్నాయి. వాటిలో "మేము చంపం" అని చెప్పుకునే వాటిని నో-కిల్ షెల్టర్లు అంటారు. మా ఊళ్ళో అటువంటి షెల్టర్‌లో ఆరేళ్ళ నుంచీ శనివారాలు పనిచేస్తున్నాను. బోనులు కడగడం, మందులు పట్టడం, వచ్చిన వాళ్ళకి పిల్లులను చూపించడం నా పని. ఈ మాట వినగానే మన వాళ్ళు "ఎంత దయో" అంటారు. దయ సరే, దాని వెనకాల ఒక లెక్క ఉంది. పిల్లి బతుకుతుందా లేదా అన్నది చాలా మటుకు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. ఆ లెక్కేమిటో నాకు అర్థమైనంత మేరకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బందెలదొడ్డి

పొలంలో పడి మేసిన గేదెను తీసుకెళ్ళి బందెలదొడ్డిలో కట్టేసేవారు, గుర్తుందా? యజమాని వచ్చి జరిమానా కట్టి విడిపించుకునేవాడు. అమెరికాలో కుక్కలకూ పిల్లులకూ ఉన్న "పౌండ్" అచ్చంగా అదే. ఒక్కటే తేడా. పాడిగేదె కోసం యజమాని పరిగెత్తుకుంటూ వస్తాడు. పిల్లిని వెతుక్కుంటూ వచ్చేవారు బహు తక్కువ. చట్టం చెప్పిన నాలుగు రోజులు చూసి, తరువాత ఇంజెక్షన్ ఇచ్చేసేవారు. 1980ల తొలి రోజుల్లో ఈ దేశంలో ఏటా కోటికి పైగా కుక్కలూ పిల్లులూ ఇలా పోయేవని అంచనా. అందులో జబ్బు చేసినవి కొన్నే. మిగతావాటి నేరమల్లా చోటు లేకపోవడం.

ఈ పద్ధతికి ఎదురు తిరిగిన మొదటి పెద్ద ఊరు శాన్ ఫ్రాన్సిస్కో. అక్కడి ఎస్.పి.సి.ఏ. సంస్థకు రిచర్డ్ అవాంజీనో అధ్యక్షుడు. పౌండ్ నడిపే కాంట్రాక్టు ఇక మాకొద్దని 1989లో ఆ సంస్థ దాన్ని నగరానికి అప్పగించేసింది. 1994లో నగరంతో ఒక ఒప్పందం చేసుకుంది. ఆరోగ్యంగా ఉన్న ఏ కుక్కనైనా, ఏ పిల్లినైనా నగరం వారు ఇంటికి పంపలేకపోతే చంపనక్కరలేదు, మాకివ్వండి, మేము చూసుకుంటాం అన్నది దాని సారాంశం. ఆ తరువాత 2010లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగర కౌన్సిల్ నో-కిల్ ప్రణాళికను ఆమోదించింది. 2011లో ఆ ఊరు నూటికి తొంభైకి పైగా జంతువులను బతికించి చూపించింది.

ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు నచ్చే పిట్టకథ ఒకటుంది. 1990లలో పీపుల్‌సాఫ్ట్ నేర్చుకుని విమానం ఎక్కిన తెలుగువాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఆ కంపెనీని 1987లో స్థాపించిన వారిలో ఒకరు డేవ్ డఫీల్డ్. ఆయనకు మ్యాడీ అనే చిన్న ష్నాజర్ కుక్క ఉండేది. ఎప్పుడైనా డబ్బు సంపాదిస్తే నీకూ నీ జాతికీ తిరిగి ఇస్తానని ఆయన దానికి మాటిచ్చాడట. డబ్బు వచ్చింది. మాట నిలబెట్టుకున్నాడు. ఆ కుక్క పేరు మీద మ్యాడీస్ ఫండ్ అనే సంస్థ పెట్టి, 1999లో దాన్ని నడపడానికి అవాంజీనోను తెచ్చుకున్నాడు. నో-కిల్ ఉద్యమం ఒక ఊరి ముచ్చటగా మిగిలిపోకుండా దేశమంతా పాకడానికి ఆ నిధి చేసిన సాయం తక్కువది కాదు. మనం రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన పేరోల్ ప్రోగ్రాములు పిల్లుల పాలకు కూడా పనికొచ్చాయన్నమాట.

లిటిల్ గారి సూత్రం

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కంప్యూటర్ సైన్సులో క్యూయింగ్ థియరీ చదివిన వాళ్ళకు లిటిల్ సూత్రం గుర్తుండే ఉంటుంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో దీన్ని నిరూపించాడు. చాలా తేలిక సూత్రం. ఒక చోట ఒక సమయంలో సగటున ఎంతమంది ఉంటారంటే, రోజుకు ఎంతమంది వస్తారో దాన్ని ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటారో దానితో గుణిస్తే చాలు. బ్యాంకు వరసకైనా, సర్వర్ మీద పడే రిక్వెస్టులకైనా, తిరుపతి క్యూ కాంప్లెక్సుకైనా ఇదే వర్తిస్తుంది.

ఒక షెల్టర్‌లో 60 బోనులున్నాయి అనుకుందాం. రోజుకు నాలుగు పిల్లులు వస్తున్నాయి. ఒక్కోటి సగటున 30 రోజులుంటోంది. నాలుగు ముప్పైలు 120. కానీ ఉన్నవి 60 బోనులే. మిగతా 60 పిల్లులు ఎక్కడుండాలి? పాత బందెలదొడ్డిలో ఈ ప్రశ్నకు జవాబు సూదిమందు. లెక్క సరిపోయేది.

మరో 60 బోనులు కట్టిస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ బోనులో ఉన్న కొద్దీ పిల్లికి బెంగ పెరుగుతుంది. బెంగతో ఒంట్లో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ లేస్తుంది. తుమ్ములూ, కళ్ళ కలకా మొదలవుతాయి. జబ్బు పిల్లిని ఎవరూ తీసుకెళ్ళరు కనుక మరో రెండు వారాలు ఉండిపోతుంది. ఈలోగా పక్క బోనుకు అంటిస్తుంది. అంటే రోజులు పెరిగితే జబ్బు, జబ్బు పెరిగితే రోజులు. ఎన్ని బోనులు కట్టినా ఈ సుడిగుండం మింగేస్తుంది.

అదే సగటు బసను 30 రోజుల నుంచి 15కు తగ్గించగలిగితే? నాలుగు పదిహేనులు 60. బోనులు సరిగ్గా సరిపోయాయి. ఒక్క ఇటుక పేర్చకుండా, ఒక్క పిల్లిని చంపకుండా. అందుకే మంచి షెల్టర్‌లో పనులన్నీ రోజులు కోసే పనులే. గుమ్మంలో అడుగు పెట్టిన క్షణమే టీకా వేస్తారు. రేపు వేద్దాం అంటే పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల పార్వో వైరస్ ఆగదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు రాగానే తేదీ ఇస్తారు. వచ్చిన రోజే ఫోటో తీస్తారు. వేసవిలో పిల్లులు వెల్లువలా వచ్చినప్పుడు దత్తత రుసుము తగ్గిస్తారు, ఒక్కోసారి ఎత్తేస్తారు. ప్రతి ఉదయం ఒకరు బోను బోను దగ్గరా ఆగి, "ఈ పిల్లి ఇంకా ఇక్కడెందుకుంది? దేనికోసం ఆగింది?" అని అడిగి రాసుకుంటారు. మన స్క్రమ్ మీటింగులో ఏ పని ఎక్కడ ఆగిందని అడిగినట్టే. ఇదంతా ఇప్పుడు ఒక శాస్త్రం. 2001లో కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ విశ్వవిద్యాలయంలో షెల్టర్ మెడిసిన్ అనే పేరుతో దీనికి ప్రత్యేక శిక్షణ మొదలయింది.

గుణకారంలో రెండో సంఖ్య రోజులైతే, మొదటిది రాక. రాకను తగ్గించే మార్గం ఆపరేషన్లు. పిల్లి నాలుగో నెలకే చూలు కట్టగలదు. మోసేది రెండు నెలలే. వీధి పిల్లులను పట్టుకుని, ఆపరేషన్ చేసి, గుర్తుగా ఒక చెవి కొన కత్తిరించి, పట్టిన చోటే వదిలేసే పద్ధతి ఇక్కడ ఉంది. మనకిది కొత్త కాదు. మన దేశంలో వీధికుక్కలకు ఇదే పద్ధతిని 2001లో నియమాలుగా చేశారు. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఆ పని చేస్తూ వచ్చాయి. అయితే పిల్లులను తిరిగి వదలడం మీద పక్షిశాస్త్రజ్ఞులకు గట్టి అభ్యంతరం ఉంది. అమెరికాలో పిల్లులు ఏటా వంద కోట్లకు పైగా పక్షులను చంపుతున్నాయని 2013లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఆ అభ్యంతరాన్ని కొట్టి పారేయలేం. ఇంట్లో పెంచే పిల్లిని ఇంట్లోనే ఉంచమని షెల్టర్ వాళ్ళు పోరేది కొంత అందుకే.

మార్జాల కిశోరం

వైష్ణవంలో మార్జాల కిశోర న్యాయం అని ఒకటుంది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని మోసుకుపోతుంది. శరణాగతి అంటే అలా ఉండాలంటారు. తల్లి లేని పిల్లికూనను చేతిలోకి తీసుకుంటే ఆ పోలిక ఎంత నిజమో తెలుస్తుంది.

పెద్ద షెల్టర్లలో మొట్టమొదట పోయేవి ఈ పాలకూనలే. రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, రాత్రి పూట కూడా. రాత్రి ఆఫీసులో ఎవరూ ఉండరు. కనుక సాయంత్రం తలుపులు మూసే లోపల ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళాలి. లేదా ఆ రోజే వాటి పని అయిపోతుంది. ఒక జూన్ నెలలో మధ్యాహ్నం మూడింటికి కౌంటీ వారి నుంచి మా షెల్టర్‌కు ఫోను వచ్చింది. నాలుగు కూనలు, కళ్ళు తెరవలేదు, అయిదున్నరకు మూసేస్తాం అన్నారు. ఫోస్టర్ల జాబితాలో అందరి చేతులూ నిండి ఉన్నాయి. ఆ నాలుగూ మా ఇంటికి వచ్చాయి.

ఒక్కోటి నూట పది గ్రాములు, జేబులో ఫోను కన్నా తేలిక. ఆవుపాలు పనికిరావు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లికూనల కోసం ప్రత్యేకంగా పాలపొడి దొరుకుతుంది. చంటిపిల్లలకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లా ఉంచి పట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్ళు చల్లబడిన కూనకు పాలు పట్టనే కూడదు. ముందు వెచ్చబెట్టాలి. దానికి ఇక్కడి వాళ్ళు చెప్పే చిట్కా విని మా ఆవిడ నవ్వింది: మేజోడులో బియ్యం పోసి ముడివేసి వెచ్చచేసి పక్కన పెట్టడం. మన అమ్మమ్మల కాపడం మూటే! పాలు తాగాక తడి దూదితో కింద మెల్లగా రుద్దితేనే మూత్రం వస్తుంది; తల్లి నాకి చేసే పని అది. రోజూ తూకం వెయ్యాలి. రోజుకు పది పదిహేను గ్రాములు పెరగాలి. పెరగడం ఆగిందంటే ప్రమాదం వచ్చినట్టే. నాలుగింటిలో చిన్నది అయిదో రోజున పెరగడం ఆగింది, ఆరో రోజు తెల్లవారుజామున పోయింది. మిగతా మూడూ ఎనిమిది వారాలకు తొమ్మిది వందల గ్రాములు దాటి, ఆపరేషన్ చేయించుకుని, మూడు ఇళ్ళకు వెళ్ళాయి.

ఒక హెచ్చరిక. పెరట్లో కూనలు కనబడగానే ఎత్తుకొచ్చేయకండి. తల్లి వేటకు వెళ్ళి ఉండవచ్చు. కూనలు శుభ్రంగా, వెచ్చగా, నిశ్శబ్దంగా ఉన్నాయంటే తల్లి దగ్గరలోనే ఉన్నట్టు లెక్క. దూరం నుంచి కొన్ని గంటలు చూడండి.

శాకాహారి ఇంట మాంసాహారి

మన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది: పెరుగన్నం పెడితే చాలదా? చాలదు. పిల్లి మాంసం తప్ప మరొకటి తిని బతికే శరీరం కాదు. టారిన్ అనే పదార్థం దానికి తప్పనిసరి, సరిపడా సొంతంగా తయారు చేసుకోలేదు. 1987లో యూసీ డేవిస్‌లో పాల్ పియాన్ బృందం, తిండిలో టారిన్ తక్కువైతే పిల్లుల గుండె ఉబ్బి పాడవుతుందని కనిపెట్టింది. కంపెనీలు ఆహారంలో టారిన్ పెంచాయి, ఆ జబ్బు అరుదైపోయింది. మాంసం ఇంట్లోకి రాకూడదనే పట్టింపు ఉన్నవారు పిల్లిని పెంచకపోవడమే మేలు. పిల్లి చేత మన వ్రతం చేయించడం న్యాయం కాదు.

మరి కొన్ని ముఖ్యమైన సంగతులు. లిల్లీ పువ్వు ఇంట్లో ఉండకూడదు. దాని పుప్పొడి కొంచెం నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి విషమే, కనుక మన కూరలు పెట్టవద్దు. మగపిల్లి మాటిమాటికీ ఇసుకపెట్టెలో కూర్చుని మూత్రం రాక అవస్థ పడుతుంటే తెల్లవారే దాకా ఆగకండి, అది ప్రాణాపాయం. పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది. ఉపవాసం దానికి సరిపడదు.

తొంభై అంకె

ఇంత చెప్పాక నో-కిల్ అనే మాటలో ఉన్న మెలిక కూడా చెప్పాలి. ఆ మాటకు అర్థం ఒక్క ప్రాణం కూడా తీయరని కాదు. వచ్చిన వాటిలో నూటికి తొంభై బతికి బయటపడితే ఆ పేరు పెట్టుకోవచ్చునని ఆనవాయితీ. మిగతా పదీ కోలుకోలేని జబ్బుతోనో గాయాలతోనో బాధపడేవని అంచనా. ఈ విభజన స్పష్టంగా ఉండాలని 2004లో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో కొన్ని సంస్థలు కూర్చుని ఆరోగ్యవంతమైనవి, చికిత్సకు లొంగేవి, లొంగనివి అని నిర్వచనాలు రాసుకున్నాయి.

అంకె ఉన్నచోట గారడీ కూడా ఉంటుంది. ముసలి పిల్లినీ జబ్బు పిల్లినీ గుమ్మంలోనే "చోటు లేదు" అని పంపించేసి, ముద్దొచ్చేవాటినే తీసుకుంటే ఏ షెల్టరైనా తొంభై అయిదు చూపించగలదు. కాదన్న పిల్లి కౌంటీ వారి దగ్గరకు పోతుంది. అక్కడ ఎవరినీ కాదనే హక్కు లేని ఉద్యోగి సూది పట్టుకుంటాడు, లోకం ఆయన్ను కసాయి అంటుంది. అందుకే ఈ అంకెను భవనానికి కాక ఊరు మొత్తానికి లెక్కగట్టాలని నా అభిప్రాయం. 1994 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ఒప్పందం గొప్పతనం అదే. పోతే, దేనినీ కాదనకుండా, దేనినీ పంపకుండా గుట్టలుగా పోగేసి ఏళ్ళ తరబడి బోనుల్లో కుక్కడం కూడా దయ కాదు. లిటిల్ సూత్రం దానికీ శిక్ష వేస్తుంది.

2025 కల్లా దేశమంతా నో-కిల్ కావాలని బెస్ట్ ఫ్రెండ్స్ అనే సంస్థ 2016లో లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం చేరలేదు. వారి లెక్క ప్రకారమే 2024లో సుమారు 4,25,000 కుక్కలూ పిల్లులూ షెల్టర్లలో చంపబడ్డాయి. కోటి నుంచి నాలుగు లక్షలకు రావడం మామూలు విషయం కాదు. కానీ ఆ నాలుగు లక్షల్లో ఫోను చేసినా ఎవరూ రాని పాలకూనలు ఎన్నో ఉన్నాయి.

మనలో చాలామందికి పిల్లిని పదిహేనేళ్ళు పెంచే వీలుండదు. ఏటా ఇండియా ప్రయాణం, వీసాల గొడవ, ఉద్యోగం ఎక్కడికి తీసుకెళుతుందో తెలియని బతుకు. ఫోస్టర్ పనికి అవేవీ అడ్డు రావు. ఆరు నుంచి ఎనిమిది వారాల పని. పాలపొడి, మందులు చాలా చోట్ల షెల్టరే ఇస్తుంది. మన భాషలో చెప్పాలంటే పురిటికి వచ్చిన ఆడపిల్లను కొన్నాళ్ళు కనిపెట్టుకుని చూసి అత్తవారింటికి పంపడం లాంటిది. పంపేటప్పుడు బాధగా ఉండదా అంటారు. ఉంటుంది. మా మూడు కూనలూ వెళ్ళిన రోజు మా అమ్మాయి భోజనం చెయ్యలేదు. మర్నాడు కౌంటీ నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి రెండే.