పాత హార్డ్ డిస్కు, కొత్త కంప్యూటరు

2025 మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి, ఉరుములతో వాన కురిసి మా వీధి కరెంటు తీగల మీద పిడుగు పడింది. మరునాడు కంప్యూటరు మీట నొక్కితే ఫ్యాను కూడా తిరగలేదు. పట్టణంలోని మెకానిక్కు విప్పి చూసి, "మదర్‌బోర్డు కాలిపోయిందండి, హార్డ్ డిస్కు మాత్రం బాగానే ఉంది" అన్నాడు.

పదకొండేళ్లు వాడుకున్న యంత్రం గనుక పోయినందుకు పెద్దగా బాధ లేదు. ఆ డిస్కులో ఉన్నవి తలచుకుంటేనే నిద్ర పట్టలేదు. పిల్లల పెండ్లి ఫోటోలు, పొలం కాగితాల నకళ్లు, అన్నిటికంటె ముఖ్యంగా మా అమ్మ కన్నుమూయక ముందు మంచం మీద కూర్చుండి పాడిన పన్నెండు కీర్తనలు. వాటికి వేరే నకలు లేదు. ఆ తప్పు మాదే.

దసరా సెలవులకు మనవడు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాలు కొనితెచ్చి, మా వరండాలోనే కొత్త కంప్యూటరు బిగించాడు. "పాత డిస్కు తగిలిస్తే చాలు తాతయ్యా, అన్నీ ఎప్పటిలాగే వస్తాయి" అన్నాడు. మాకూ సబబుగానే తోచింది. పాత ఇంటి తలుపులు, కిటికీలు కొత్త ఇంటికి పెట్టుకోమా?

మీట నొక్కాము. నల్లని తెర మీద, లేవడానికి తగిన డిస్కు లేదని అక్షరాలు వచ్చాయి. మా గుండె జారిపోయింది.

డిస్కు చెడలేదని తరువాత తెలిసింది. పాత కంప్యూటర్లు డిస్కులోని మొట్టమొదటి చిన్న భాగాన్ని చదివి లేచేవి. ఎంబీఆర్ అను ఆ పద్ధతి 1983 నాటిది. నేటి బోర్డులు యూఈఎఫ్ఐ అను వేరొక పద్ధతిలో లేస్తాయి. వాటికి డిస్కును జీపీటీ పద్ధతిలో పంచి, లేపే ఫైళ్లకు విడిగా ఒక చిన్న గది ఉంచాలి. చాలా కొత్త బోర్డులకు పాత పద్ధతి బొత్తిగా తెలియదు. మా డిస్కు పాతకాలపుది, బోర్డు కొత్తది.

ఒకవేళ లేచినా చిక్కులు తప్పవు. ఎక్స్‌పీ కాలంలో బోర్డు మారిస్తే తరచు నీలితెర వచ్చి ఆగిపోయేది. విండోస్ 10 చాలాసార్లు తానే సర్దుకుంటుంది గాని, కంప్యూటరుతో కలిసి వచ్చిన లైసెన్సు ఆ పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది. విడిగా కొన్న లైసెన్సయితే మార్చుకోవచ్చు. పైగా విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

అసలు గండం తరువాత వచ్చింది. సరే, ఆ డిస్కు మీదనే విండోస్ 11 ఎక్కిద్దామని మనవడు పెన్‌డ్రైవు పెట్టాడు. ఈ డిస్కు ఎంబీఆర్‌ది, దీనిమీద ఎక్కించలేనని తెర చెప్పింది. స్నేహితునికి ఫోను చేస్తే, "పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టు, దారికొస్తుంది" అన్నాడు. మాట నిజమే, దారికొస్తుంది. లోపల ఉన్నవన్నీ పోతాయి. అప్పుడు ఎన్నడూ కంప్యూటరు ముట్టని మా ఇంటామె, చేతిలోని చేట పక్కన పెట్టి, "ఆగు నాయనా, డిలీట్ అంటే తుడిచెయ్యడమేగా?" అంది. పిల్లవాడు మౌస్ మీద నుండి చెయ్యి తీసేశాడు.

అప్పుడు కరెంటు ఆపి పాత డిస్కు తీగలు రెండూ ఊడదీశాము. కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి దానిమీద విండోస్ ఎక్కించాము. రెండు డిస్కులూ తగిలించి ఎక్కిస్తే, లేపే ఫైళ్లు ఒక్కోసారి పాతదానిమీద చేరుతాయి. తరువాత దానిని తీసివేస్తే కొత్తది లేవదు. ఎక్కించడం పూర్తయ్యాక, మళ్లీ కరెంటు ఆపి పాత డిస్కును సామాను పెట్టెలాగా తగిలించాము. దానిలో మా పేరు గల ఫోల్డరు తెరవబోతే అనుమతి లేదంది. కొనసాగించు అని నొక్కి కాసేపు ఓపిక పడితే తెరుచుకుంది. బిట్‌లాకర్ తాళం ఉన్న డిస్కయితే 48 అంకెల తాళపుచెవి కావాలి. మాదానికి తాళం లేదు.

ముందుగా ఏదీ తెరిచి చూడక, అన్నిటినీ నకలు తీశాము. తెల్లవారేదాకా పట్టింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అను ఉచిత సాధనంతో పరీక్షిస్తే పసుపు గుర్తు, అనగా జాగ్రత్త అని చూపింది. అంత పాత డిస్కుమీద కొత్త యంత్రాన్ని నిలబెట్టాలనుకున్నాము!

ఫోటోలు బాగానే వచ్చాయి. ప్రోగ్రాములు నకలు చేస్తే పనిచేయవు, మళ్లీ ఎక్కించుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పెండ్లి శుభలేఖ పిచ్చి అక్షరాలుగా కనబడితే, పాత డిస్కులోని ఫాంట్ల ఫోల్డరు నుండి ఆ ఫాంట్లను తెచ్చి వేశాక తెలుగయింది.

పాత డిస్కు గుడ్డలో చుట్టి బీరువాలో ఉంది. దేనినీ చెరపలేదు. ఒక నకలు గుంటూరులో అమ్మాయి ఇంటికి పంపాము. కీర్తనలు అందినరోజు రాత్రి అమ్మాయి ఫోను చేసి, "అయిదో పాటలో కోడి కూసింది నాన్నా, విన్నారా? నాయనమ్మ పాట ఆపి దాన్ని అదిలించింది" అంది.