డాబా మీద పెర్గోలా సరే... మిట్టమధ్యాహ్నం నీడేదీ?

ఇన్‌స్టా తెరిస్తే చాలు, ఓ పెర్గోలా రీలు. నాలుగు స్తంభాలు, పైన వరసగా చెక్క పట్టీలు, కింద కేన్ సోఫా, వేలాడే పసుపు బల్బులు. పట్టీల సందుల్లోంచి నేల మీద చారలు చారలుగా ఎండ. బావుంటుంది, ఎవరు కాదంటారు! మన డాబా మీదా అలాంటిదొకటి ఉంటే ఆదివారం టీ అక్కడే తాగొచ్చు, ఫ్రెండ్స్ వస్తే కూర్చోబెట్టొచ్చు అనిపిస్తుంది. వెల్డింగ్ షాపుకెళ్లి ఫోన్‌లో ఫొటో చూపిస్తే ‘ఇదెంత పని తమ్ముడూ, వారంలో నిలబెట్టేస్తా’ అంటాడు. అన్నట్టే నిలబెట్టేస్తాడు కూడా.

అసలు సంగతి ఏప్రిల్ వచ్చాక బయటపడుతుంది. పొద్దున ఎనిమిదింటికి దాని కింద హాయిగానే ఉంటుంది. పన్నెండింటికి మాత్రం బయట నిలబడ్డా, దాని కింద నిలబడ్డా పెద్ద తేడా ఉండదు. వేలకు వేలు పోసి కట్టించింది కాస్తా బట్టలారేసుకునే స్టాండ్ అయి కూర్చుంటుంది. ఇందులో వెల్డర్ తప్పేమీ లేదు, ఫొటోలో ఉన్నదే చేశాడు. ఆ ఫొటో తీసిన ఊరు ఎక్కడిదో మనం చూసుకోలేదు, అంతే.

నడినెత్తిన సూర్యుడు

పెర్గోలాకి పుట్టిల్లు ఇటలీ. ముందుకు పొడుచుకొచ్చిన చూరుని లాటిన్‌లో పెర్గులా అనేవాళ్లు, ఆ మాటే ఇలా మారింది. రోమ్ నగరం ఉన్నది దాదాపు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అక్కడ నడివేసవిలో కూడా సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి రాడు, దక్షిణం వైపు కాస్త వాలే ఉంటాడు. వాలుగా వచ్చే ఎండకి నిలువుగా పెట్టిన పట్టీ అడ్డం పడుతుంది. సందులున్నా నీడ దొరుకుతుంది.

మన హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గరుంది. తిరుపతి నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగు నేలంతా కర్కటరేఖకి దిగువనే. అందుకే ఏడాదికి రెండుసార్లు సూర్యుడు కచ్చితంగా మన నడినెత్తికి వస్తాడు. ‘జీరో షాడో డే’ అంటూ ఆ రోజు వాట్సాప్‌లో ఫొటోలు తిరుగుతాయే, అదే. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. నేల మీద సీసా నిలబెడితే దాని నీడ దాని అడుగునే ఉండిపోతుంది. సీసాకే నీడ లేనప్పుడు సన్నటి పట్టీకి ఎక్కణ్నుంచి వస్తుంది?

కాస్త లెక్కేద్దాం. వెల్డర్లు తరచూ వాడే 2×1 అంగుళాల బాక్స్ పైపు తీసుకోండి. దాన్ని నిలువుగా, అంటే అంగుళం వైపు ఆకాశానికి ఉండేలా పెట్టి, పైపుకీ పైపుకీ మధ్య రెండంగుళాల సందు వదిలారనుకుందాం. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు ప్రతి మూడంగుళాలకీ ఒక్క అంగుళమే నీడ, మిగతాదంతా ఎండ. అంటే పన్నెండుంబావుకి మూడోవంతు నీడ. ఒంటిగంటంబావుకి సగం. మూడుంబావు దాటితే గానీ నేల దాదాపు పూర్తిగా నీడలోకి రాదు.

అదీ పైపులు ఉత్తరం నుంచి దక్షిణానికి పరిచినప్పుడు! తూర్పు-పడమరలుగా పరిచారో, మే నెలలో సూర్యుడు ఆ పైపుల వెంబడే నడుస్తాడు. ఎండ ముదిరిన గంటలన్నీ అదే మూడోవంతు నీడతో సరిపెట్టుకోవాలి. విదేశీ వీడియోల్లో పట్టీలు తూర్పు-పడమరలుగా పెట్టమని చెబుతుంటారు. వాళ్లకది సరైనదే, మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి వాలుగా వస్తుంది కాబట్టి. మనం తిరగెయ్యాలి. పైగా ఉత్తర-దక్షిణాలుగా పెడితే ఇంకో లాభం: డిసెంబరు మధ్యాహ్నాల్లో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు ఆ సందుల్లోంచి ఎండ చక్కగా కిందికి దిగుతుంది. చలికాలంలో కావాల్సింది అదే కదా.

దిక్కు సరిగ్గా పెట్టినా మిట్టమధ్యాహ్నం సమస్య మాత్రం అలాగే ఉంటుంది. దానికి మందు మన పెరట్లోనే ఉంది.

పేరు పెర్గోలా, పని పందిరిది

పెళ్లికి రాట పాతినా, శ్రీరామనవమికి వీధిలో చలువ పందిరి వేసినా, పెరట్లో సొరతీగని ఎక్కించినా మనవాళ్లు చూసింది పైన ఏం కప్పాలీ అనే. కింద కట్టె అడ్డదిడ్డంగా ఉన్నా ఫర్వాలేదు, పైన తాటాకో కొబ్బరాకో పచ్చటి తీగో ఉండాలి. ఆకు తనలోని నీటిని ఆవిరి చేస్తూ తను చల్లబడుతుంది. ఆకుల మధ్యలోంచి వేడిగాలి పైకి వెళ్లిపోతుంది. రేకు అలా కాదు, ఎండంతా తాగి కిందికి కక్కుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఓ గంట కూర్చున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పాలికార్బొనేట్ షీటు చూడ్డానికి స్టయిల్‌గా ఉంటుంది కానీ, గాలి ఆడకపోతే దాని కిందా ఉక్కపోతే.

కాబట్టి ఫ్రేమ్ పెర్గోలాలా, కప్పు పందిరిలా ఉంటే మన ఎండకి సరిపోతుంది. బీర, కాకర రైతులు వేసే శాశ్వత పందిళ్లు ఎప్పుడైనా గమనించారా? దూరం దూరంగా రాతి కడీలు, వాటి మీద జీఐ తీగతో గడులు గడులుగా అల్లిక. హైదరాబాద్ చుట్టుపక్కల పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పెరిగింది కూడా ఇలాంటి పందిళ్ల మీదే. డాబా మీద మీకు కావాల్సిన డిజైన్ కూడా ఇంచుమించు అదే.

జేబు సంగతీ చూడండి. 10×12 అడుగుల పెర్గోలాకి మూడంగుళాలకో పైపు చొప్పున పరిస్తే పన్నెండడుగుల పైపులు 39 పడతాయి. 1.6 మిల్లీమీటర్ల మందం పైపు మీటరుకి 1.8 కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే పైన పరిచే పైపులకే దాదాపు 260 కిలోల ఇనుము. అలా కాకుండా రెండడుగులకో పైపు చొప్పున నాలుగే పెట్టి, మధ్యలో జీఐ తీగ అల్లితే పైపుల బరువు 27 కిలోలకి దిగిపోతుంది. ఫ్యాబ్రికేషన్ వాళ్లు చాలామంది కిలో లెక్కనే బిల్లు వేస్తారు కాబట్టి తేడా ఎంతో మీరే గుణించుకోండి. ‘అన్నా, పైపులు తగ్గించు, తీగ అల్లు’ అంటే మొదట మొహం అదోలా పెడతాడు. పట్టు వదలొద్దు.

ఇనుము కాకపోతే? టేకు ఖరీదెక్కువ, ఎండకీ వానకీ పాలిష్ ఏటా అడుగుతుంది. వెదురు, సరుగుడు బాదులు చవక, అందం కూడా. కాకపోతే మట్టిలో దిగిన మొదలు రెండు మూడేళ్లకే పుచ్చిపోతుంది, అందుకని సిమెంటు దిమ్మ మీదో ఇనుప బూటులోనో నిలబెట్టాలి. అల్యూమినియానికి తుప్పు బెడద లేదు, సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వైపు వాళ్లు కాస్త ఎక్కువైనా దానికి ఓటెయ్యొచ్చు.

గాలికి లేచిపోతే ఎవరింటి మీద పడుతుంది?

దీని గురించి రీల్స్‌లో ఎవరూ మాట్లాడరు. మన దగ్గర ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. కోస్తాలో అయితే తుపాన్లు సరేసరి. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్‌ని అక్కడివాళ్లు ఇంకా మర్చిపోలేదు.

కట్టడాలకి గాలి లెక్కలు చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం హైదరాబాద్‌కి లెక్కలో తీసుకోవాల్సిన మూల గాలివేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి 158 కిలోమీటర్లు. విజయవాడ, విశాఖలకి 50 మీటర్లు, అంటే గంటకి 180. హైదరాబాద్ లెక్కే తీసుకున్నా ఆ గాలి చదరపు మీటరుకి సుమారు 118 కిలోల ఒత్తిడి పెడుతుంది. 10×12 అడుగుల రేకు మొత్తానికి అది దాదాపు 1300 కిలోలు. రేకు వాలు, చుట్టూ ఉన్న గోడలని బట్టి ఈ అంకె తగ్గొచ్చు, పెరగొచ్చు. కానీ స్తంభాలతో సహా మన ఫ్రేమ్ బరువు చూస్తే వంద కిలోలు అటూ ఇటూ. ఏది గెలుస్తుందో తెలుస్తూనే ఉంది! తీగ అల్లికకి, నెట్‌కి ఈ ప్రమాదం తక్కువ, గాలి వాటిలోంచి దూరిపోతుంది. తక్కువే గానీ అసలు లేదని కాదు. బిగింపు గట్టిగా ఉండాల్సిందే.

స్తంభం అడుగున ప్లేటు, ప్లేటుకి నాలుగు యాంకర్ బోల్టులు. అవి దిగాల్సింది కింద పిల్లరో బీమో ఉన్నచోట. స్లాబు నడిమధ్యన వద్దు. పై అంతస్తు ఎప్పుడో వేద్దామని చువ్వలు వదిలేసిన పిల్లర్లు మన ఊళ్లలో ఏ డాబా ఎక్కినా కనిపిస్తాయి. స్తంభాలకి అంతకన్నా మంచి చోటు ఇంకోటి లేదు, ఇంజినీరుకి ఒకసారి చూపించి వాడుకోండి. పిట్టగోడకి మాత్రం బిగించొద్దు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మనిషి ఆనుకోవడానికి కట్టింది, గాలికి ఊగే ఇనుముని పట్టుకోవడానికి కట్టలేదు.

బోల్టు వేసిన ప్రతిచోటా స్లాబుకి చిల్లు పడినట్టే. వాటర్‌ప్రూఫింగ్ చేయించి, చుట్టూ చిన్న సిమెంటు దిమ్మ కట్టించకపోతే జూలైలో కింద పడకగది సీలింగ్ మీద దేశాల మ్యాపులు కనిపిస్తాయి. వాననీళ్లు గొట్టం వైపు పోయే వాలుకి ఆ దిమ్మలు అడ్డం రాకుండా చూడాలి. ఇంకో మాట: ఇంటి పక్కనుంచి కరెంటు తీగలు వెళ్తుంటే ఇరవై అడుగుల పైపులు పైకెక్కించేటప్పుడు చాలా జాగ్రత్త. అవసరమైతే లైన్‌మన్‌కి చెప్పి కాసేపు కరెంటు తీయించండి. ఉరుముల వాన మొదలైతే ఆ ఇనుము కింద వీడియోలు తీయకుండా లోపలికి వచ్చేయండి.

ఫ్లాట్‌లో ఉంటే డాబా అందరిదీ, అసోసియేషన్ ఒప్పుకోవాలి. రేకేసి చుట్టూ కప్పేస్తే అది గది కిందికి వస్తుంది కాబట్టి మున్సిపాలిటీ నిబంధనలు ముందే కనుక్కోండి.

అద్దె ఇల్లా? చిల్లు పెట్టొద్దు. 20 లీటర్ల పెయింట్ డబ్బాలో వెదురు బొంగు నిలబెట్టి నిండా కాంక్రీటు పోస్తే ఒక్కోటి దాదాపు 48 కిలోలవుతుంది. అలాంటివి నాలుగు పెట్టి, పైన 6×8 అడుగుల నెట్ కట్టుకోండి. గాలి లేచే సూచన కనబడగానే విప్పేసేలా ముడులు వెయ్యాలి. ఇల్లు మారేటప్పుడు డబ్బాలు కిందికి దించడానికి మాత్రం ఇద్దరు ఫ్రెండ్స్ కావాలి!

ఏ గది పైన?

చోటు ఎంచుకునేటప్పుడు వ్యూ ఒక్కటే చూడకండి. పగలంతా ఎండకి కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కింది గదిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే పందిరి పడకగది పైన వస్తే దాని కింద మీరు కూర్చోని రోజు కూడా అది పనిచేస్తుంది, స్లాబుకి ఎండ తగలదు కాబట్టి. మిగిలిన డాబాకి ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇలాంటి పనుల కోసమే.

తీగల విషయానికొస్తే, మొదట బరువు చూసుకోవాలి. రెండడుగుల చదరం, అడుగున్నర లోతు ఉన్న తొట్టి తడిమట్టితో నిండితే పావు టన్ను పైమాటే. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకి 150 కిలోలే. అందుకని తొట్టెలు బీమ్‌ల మీదికి, గోడల అంచులకి జరపండి. మట్టిలో కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపితే బరువు తగ్గుతుంది.

తొందరగా నీడ కావాలంటే కూరగాయ తీగలు. జనవరి, ఫిబ్రవరిలో బీర, సొర గింజలు పెడితే ఎండలు ముదిరేసరికి పందిరెక్కేస్తాయి, పప్పులోకి బీరకాయ బోనస్. దొండ ఒకసారి పాదు కుదిరితే ఏళ్ల తరబడి ఉంటుంది. పూలు కావాలంటే సన్నజాజి, శంఖుపూలు, రాధామనోహరం. కాగితంపూల తీగ ఫొటోల్లో అదిరిపోతుంది గానీ ముళ్లుంటాయి. నెత్తికి తగిలే ఎత్తులో, పిల్లలు తిరిగే చోట నాకైతే నచ్చదు.

పూలతీగ పందిరంతా అల్లుకోవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. అప్పటిదాకా తీగల అల్లిక మీద 50 శాతమో 75 శాతమో షేడ్ నెట్ కట్టుకుని, ఆకు కమ్మినచోటల్లా ఒక్కో ముక్క విప్పేస్తూ పోవచ్చు. ఆకుపచ్చ నెట్ కింద సెల్ఫీ తీసుకుంటే అందరి మొహాలూ పచ్చగా వస్తాయి, అదొక్కటే ఇబ్బంది. కావాలంటే నలుపో తెలుపో అడగండి. నెట్ తలకి దగ్గరగా ఉంటే సెగ కొడుతుంది కాబట్టి పందిరి ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులకి తగ్గకూడదు.

రాధామనోహరం పెట్టినవాళ్లు సోఫాని ఆ తీగ మూలకే జరుపుకోండి. పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీలోకి, ఆ తర్వాత ఎరుపులోకి తిరుగుతాయి. వాసన మాత్రం చీకటి పడ్డాకే.