గర్భములో మాయ స్థానము – రక్తపు పోటు

గర్భస్థ శిశువునకు తల్లి రక్తమునుండి ఆహారమును, ప్రాణవాయువును అందజేయు అవయవము మాయ. దీనినే మావి యనియు అందురు. ఇది గర్భాశయపు లోగోడ నంటుకొని పెరుగును. ముందు గోడపై నున్నదో, వెనుక నున్నదో, ప్రక్కకు ఒదిగినదో, క్రిందికి దిగినదో స్కానింగు పరీక్షలో తెలియును. ఆ చీటీలోని మాట చూచి కొందరు గర్భిణులు నిష్కారణముగా భయపడుదురు. మరికొందరు మాయ సరిగానే యున్నదని తలచి రక్తపు పోటు పరీక్షను మానివేయుదురు. రెండును పొరపాట్లే, రెండవది ప్రాణాపాయకరము.

గర్భాశయమునకు కుడి యెడమలనుండి రెండు ముఖ్య ధమనులు రక్తమును తెచ్చును. వాని కొనకొమ్మలు మెలికలు తిరిగిన సన్నని నాళములై మాయ క్రిందికి చేరును. ఆరోగ్యకరమైన గర్భములో మాయ కణములు ఈ నాళములలోనికి చొచ్చుకొనిపోయి వానిని వెడల్పు చేయును. ఇరుకు కాలువను వెడల్పు చేసిన పిదప నీరు సమృద్ధిగా పారునట్లు, అపుడు మాయకు రక్తము చాలినంత అందును. ఈ మార్పు కొరవడినచో మాయకు రక్తము చాలదు. దానినుండి వెలువడు కొన్ని పదార్థములు తల్లి రక్తనాళములను చెరుపును. అందువలన పోటు హెచ్చును. మూత్రపిండములు, కాలేయము, మెదడు దెబ్బతినవచ్చును.

మాయ నడుమ నున్నపుడు రెండు ధమనులును దానిని దాదాపు సమముగా పోషించును. ఒక ప్రక్క నున్నచో ఆ ప్రక్క ధమనిపైననే అధిక భారము పడును. ఇట్టివారిలో రక్తపు పోటు కొంత హెచ్చుగా కనబడినదని పలు పరిశీలనలు తెలిపినవి. ఇది జాగ్రత్తకు సూచన మాత్రమే. ప్రక్కమాయ గలవారందరికిని వ్యాధి వచ్చునని కాదు, లేనివారికి రాదనియు కాదు. క్రిందికి దిగిన మాయ వలన కలుగు ముఖ్య ప్రమాదము వేరు, అది రక్తస్రావము. అయిదవ నెలలో క్రిందనున్న మాయ, గర్భాశయము పెరిగినకొలది, చాలమందిలో పైకి జరుగును.

తొలిచూలు, కవల గర్భము, స్థూలకాయము, మధుమేహము, మూత్రపిండ వ్యాధి, మునుపటి కాన్పులో పోటు – ఇవి ఇంకను ముఖ్యమైన సూచనలు. ఇట్టివారు మూడవ నెలలోనే వైద్యునికి తెలుపవలెను. తగినవారికి వైద్యులు స్వల్ప మోతాదు ఆస్పిరిను ఇత్తురు. దానిని స్వంతముగా వాడరాదు.

ఇరువది వారముల తరువాత పోటు 140/90 గాని, అంతకు మించి గాని యున్నచో వైద్య పర్యవేక్షణ అవసరము. 160/110 చేరినచో జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. తొలిదశలో నొప్పి గాని, బాధ గాని ఉండకపోవచ్చును. కనుక ప్రతి తనిఖీలోను పోటు కొలిపించుకొని, మూత్రములో మాంసకృత్తులకై పరీక్ష చేయించుకొనవలెను. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్షలు ఉచితముగా జరుగును.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పొట్ట పైభాగమున నొప్పి, ముఖము, చేతులు అకస్మాత్తుగా ఉబ్బుట – ఇవి అపాయ చిహ్నములు. వ్యాధి ముదిరినచో ఫిట్సు వచ్చును. దీనినే గుర్రపు వాతము అందురు. ఇది గాలి సోకుట కాదు, దయ్యము పట్టుట కాదు. ఆమెను ఎడమప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. మెగ్నీషియం సల్ఫేటు సూదిమందు దీనికి ముఖ్యమైన చికిత్స. పెక్కు దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలతో జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, ఈ మందు వలన ఫిట్సు సగమునకు పైగా తగ్గినట్లు తేలినది.

కాన్పుతో మాయ వెలువడినను అపాయము వెంటనే తొలగదు. పోటు హెచ్చుట, ఫిట్సు వచ్చుట కాన్పు తరువాతి దినములలోను సంభవింపవచ్చును. కనుక బాలెంతరాలికి తలనొప్పి వచ్చినపుడు దానిని అలసటయని త్రోసివేయక, ఆనాడే పోటు చూపించవలెను.