పందాలు లేని రోజుల్లో పుకార్ల పందెం

పిల్లలూ! కోతలు అయిపోయి, ధాన్యం ఇళ్ళకు చేరాక పల్లెటూళ్ళలో రైతులకు కాస్త తీరిక చిక్కుతుంది. అప్పుడు రచ్చబండ మీద కబుర్లు జోరుగా సాగుతాయి. ఫలానావారు పొలం అమ్మేస్తారట, ఫలానావారు పట్నం వెళ్ళిపోతారట! ఇలా ప్రతి మాట చివరా ఒక "అట" ఉంటుంది. పనిరోజుల్లో అంతగా వినబడని ఈ "అట" తీరిక రోజుల్లో ఊరంతా తిరుగుతుంది.

ప్రపంచంలోకెల్లా పేరుపొందిన మోటారు పందాలలో కూడా ఇలాగే జరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన కార్ల పందెం మీలో కొందరు చూసే ఉంటారు. అవి విద్యుత్తుతో నడిచే కార్లు. ఆ పందాన్ని ఫార్ములా ఈ అంటారు. దానికి పెద్దన్న వంటిది ఫార్ములా వన్. 1950 నుంచి ఏటా దేశదేశాల్లో ఈ పందాలు జరుగుతున్నాయి. ఏడాది చివర ఆఖరి పందెం అయ్యాక మళ్ళీ మార్చి నెల వచ్చేదాకా సాధారణంగా పందాలుండవు. కాని పత్రికలవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలి కదా! అందుచేత చలికాలమంతా పుకార్లే పరుగుపందెం వేసుకుంటాయి. ఫలానా డ్రైవరు జట్టు మారతాడట, ఫలానా కంపెనీ తప్పుకుంటుందట! డ్రైవరు మారితే అది ఒక మనిషి సంగతి. కంపెనీ తప్పుకుంటే అది కొన్ని వందల కుటుంబాల సంగతి.

ఈ పందాల్లో దిగే జట్లు ముఖ్యంగా రెండు రకాలు. విలియమ్స్ వంటి జట్లకు పందాలే బతుకుతెరువు. హోండా, టొయోటా, మెర్సిడెస్ వంటివారి అసలు వ్యాపారం మనం రోడ్డు మీద నడిపే కార్లు తయారుచేసి అమ్మడం. మరి వారికి ఈ పందాలెందుకు? గెలిచిన కంపెనీ పేరు ప్రపంచమంతా మారుమోగుతుంది. ఆ పేరు చూసి జనం కార్లు కొంటారు. ఇది ఒక కారణం. రెండవది, పందెం అనేది ఇంజనీర్లకు మంచి బడి. అక్కడ వారం రెండు వారాలకొక పరీక్ష వస్తుంది. ఫలితం అందరి ఎదుటా తేలిపోతుంది. వాయిదా అడగడానికి వీల్లేదు.

జపానులోని హోండా కంపెనీ కార్ల తయారీ మొదలుపెట్టిన మరుసటి సంవత్సరమే, అంటే 1964లో, ఈ బడిలో చేరింది. 1965లో మెక్సికోలో మొదటిసారి గెలిచింది. 1988లో హోండా ఇంజను అమర్చిన మెక్లారెన్ కార్లు 16 పందాల్లో 15 గెలిచాయి! అయితే ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ముందుగా మానుకునేది బాజాభజంత్రీలే. అలాగే అమ్మకాలు తగ్గినప్పుడు కార్ల కంపెనీవారు ముందుగా పందాల ఖర్చు మీద చెయ్యి వేస్తారు. ఇది ఎలా జరుగుతుందో ఒక నిజమైన కథ చెబుతాను, వినండి.

2008 నవంబరు 2న బ్రెజిల్ దేశంలో ఆ యేటి ఆఖరి పందెం జరిగింది. హోండా జట్టుకు ఆ సంవత్సరం కలిసిరాలేదు; జట్ల వరుసలో తొమ్మిదో స్థానం దక్కింది. కాని 2009లో కార్ల నిర్మాణ నియమాలు బాగా మారబోతున్నాయి. అందుకని జట్టు నాయకుడు రాస్ బ్రాన్ పాత కారు మీద ఎక్కువ శ్రమపడకుండా, కొత్త కారు మీదే అందరి దృష్టీ నిలిపాడు. ఇంగ్లండులో బ్రాక్లీ అనే చిన్న ఊళ్ళో ఈ జట్టు కార్ఖానా ఉంది. అక్కడ సుమారు 700 మంది పనిచేస్తున్నారు.

ఇంతలో ప్రపంచమంతటా బాంకులు దెబ్బతిన్నాయి. కార్ల అమ్మకాలు పడిపోయాయి. డిసెంబరు 5న హోండా కంపెనీ అధ్యక్షుడు టకెయో ఫుకుయి, తాము పందాలనుంచి తప్పుకుంటున్నామని టోక్యోలో ప్రకటించాడు. కొనేవారు దొరికితే జట్టును ఇచ్చేస్తారు. దొరక్కపోతే కార్ఖానా మూతపడుతుంది.

ఆ 700 మంది ఇళ్ళలో ఆ చలికాలం ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. పొద్దున్నే పత్రిక తెరిస్తే ఒక "అట". సాయంత్రం మరో "అట". మెక్సికో దేశపు కోటీశ్వరుడు కార్లోస్ స్లిమ్ జట్టును కొంటాడట! ఆయన కొననే లేదు. వర్జిన్ కంపెనీ యజమాని రిచర్డ్ బ్రాన్సన్ కొంటాడట! ఆయనా కొనలేదు గాని, తరవాత తన కంపెనీ పేరు కారు మీద వేయించాడు. ఆ పుకారులో ఒక పాలు మాత్రమే నిజం. పాత డ్రైవరు బారికెల్లో పని అయిపోయిందట, అతని చోట బ్రూనో సెన్నా అనే కుర్రవాడు వస్తాడట! అదీ జరగలేదు.

ఈ పుకార్లన్నీ ఇలా తిరుగుతూండగా బ్రాక్లీలో పని మాత్రం ఆగలేదు. హోండా ఇంజను ఇక రాదు కనుక మెర్సిడెస్ ఇంజను తెప్పించి, దానికి తగినట్టు కారు వెనకభాగం సవరించారు. 2009 మార్చి 6న సంగతి తేలిపోయింది. జట్టును కొన్నది కోటీశ్వరుడు కాదు, రాస్ బ్రాన్, అతని సహచరులే! ఖరీదెంతో తెలుసా? ఒకే ఒక్క పౌను! కార్ఖానా మూసివేసినా హోండావారికి ఖర్చు తప్పదు. అందుకని నామమాత్రపు ధరకు ఇచ్చేసి, ఆ యేటి ఖర్చులకు కొంత సొమ్ము కూడా ఇచ్చారు. అయినా అందరి ఉద్యోగాలూ నిలబడలేదు. సుమారు 270 మందిని తగ్గించక తప్పదని జట్టువారు ప్రకటించారు.

బార్సిలోనాలో జరిగిన పరీక్షలో కొత్త తెల్లకారు అందరినీ మించి పరుగెత్తింది. వెంటనే మరో పుకారు! డబ్బిచ్చేవారిని ఆకర్షించడానికి కారు బరువు తగ్గించి తిప్పుతున్నారట! అసలు రహస్యాలలో ఒకటి కారు అడుగున ఉంది. అక్కడ గాలి వెనక్కు పోయే దారిని తెలివిగా పెద్దది చేశారు. దారి పెద్దదైతే కారు కింద గాలి మరింత వేగంగా పోతుంది. వేగంగా పోయే గాలికి ఒత్తిడి తక్కువ. పైనున్న గాలి ఒత్తిడి ఎక్కువ కనుక అది కారును రోడ్డుకేసి అదుముతుంది. అందువల్ల మలుపుల్లో చక్రాలు అంత తేలిగ్గా జారవు. టొయోటా, విలియమ్స్ జట్లవారు కూడా ఇదే ఉపాయం పట్టారు. మిగతావారు అభ్యంతరం చెప్పినా, ఏప్రిల్ 15న విచారణ సంఘం ఇది నియమాలకు లోబడే ఉన్నదని తీర్పు చెప్పింది.

మార్చి 29న ఆస్ట్రేలియాలో మొదటి పందెం. జెన్సన్ బటన్ మొదట, పని అయిపోయిందన్న బారికెల్లో రెండవవాడుగా వచ్చారు! ఆ సంవత్సరం డ్రైవర్ల పోటీలో బటన్, జట్ల పోటీలో బ్రాన్ జట్టు విజేతలైనారు. నవంబరులో ఆ జట్టును మెర్సిడెస్ కంపెనీ కొన్నది. 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిదేళ్ళు జట్ల పోటీలో గెలిచింది బ్రాక్లీలోని ఆ జట్టే.

మరి హోండా సంగతి? 2015లో ఇంజన్లు ఇచ్చే కంపెనీగా తిరిగి వచ్చింది. 2021 చివర తప్పుకుంటామని 2020 అక్టోబరులో ప్రకటించింది. 2021లో హోండా ఇంజనుతోనే వెర్‌స్టాపెన్ విజేత అయినాడు. 2023 మే నెలలో, 2026 నుంచి మళ్ళీ వస్తామని చెప్పింది! ఎందుకంటే 2026 నియమాల ప్రకారం కారు శక్తిలో ఇంచుమించు సగం విద్యుత్తునుంచి రావాలి. రేపటి కార్లకు పనికివచ్చే విద్య అది. చూశారా? కంపెనీలు వచ్చేదీ పోయేదీ పత్రికల మాటను బట్టి కాదు, తమ లాభనష్టాలను బట్టి.

కనుక పుకారు విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట అన్నదెవరు? పేరు చెప్పారా, "తెలిసినవారు" అని దాటేశారా? ఈ మాట వల్ల లాభమెవరికి? జీతం పెంచమని అడిగే డ్రైవరుకు, మరో జట్టు పిలుస్తున్నదన్న పుకారు ఎంత ఉపయోగమో చూడండి! మూడవది, ఏం జరిగితే ఇది నిజమని తేలుతుంది? ఆడీ కంపెనీ 2026లో పందాల్లోకి వస్తుందని ఎన్నాళ్ళో "అట" గానే ఉంది. 2022 ఆగస్టులో కంపెనీవారే ప్రకటించి, తరవాత సాబర్ జట్టును తీసుకున్నాక ఆ "అట" ఊడిపోయింది.

ఈ మూడు ప్రశ్నలూ మోటారు పందాలకే కాదు, మీ బడిలోనూ వీధిలోనూ తిరిగే మాటలకు కూడా పనికివస్తాయి. పరీక్షలు వాయిదా పడతాయట అని ఎవరైనా చెబితే, బ్రాక్లీవారు చేసినట్టు ముందు చేతిలో ఉన్న పని కానివ్వండి.