ఈ-కామర్స్ డిగ్రీ: గోడౌన్ దాటి లోపలికి వెళ్లే దారి ఏది?

బీకాంలోనో, బీబీఏలోనో ఈ-కామర్స్ చదివిన విద్యార్థులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. ఈ డిగ్రీకి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెజాన్ 2019లో తెరిచిన భవనంలో 15 వేల మందికి చోటుంది. శంషాబాద్, మేడ్చల్ వైపు వెళ్తే పెద్ద పెద్ద గోడౌన్లు కనిపిస్తాయి. కాబట్టి పని లేదని అనలేం. కానీ ఆ భవనానికి గేటు వేరు, ఆ గోడౌన్‌కు గేటు వేరు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన దళిత విద్యార్థికి రెండో గేటు సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మొదటి గేటు సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ కంపెనీ స్థూలంగా మన దేశంలో సొంత సరుకు నిల్వ పెట్టుకుని నేరుగా అమ్మకూడదు. 2016లో వచ్చిన ప్రెస్ నోట్ 3 ప్రకారం అది సంత మాత్రమే నడపాలి, సరుకు అమ్మేది వేరే సెల్లర్లు. 2018 చివర్లో వచ్చిన ప్రెస్ నోట్ 2 దీన్ని ఇంకా బిగించింది. పరీక్ష కోసం రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసే ఈ నిబంధనే ఉద్యోగాలు ఎక్కడున్నాయో చెబుతుంది. అవి అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలోనే లేవు. బేగంబజార్ హోల్‌సేల్ షాపు నుంచి పచ్చళ్లు అమ్మే చిన్న కంపెనీ దాకా, ఆన్‌లైన్‌లో సరుకు పెట్టిన ప్రతి సెల్లర్‌కూ మనుషులు కావాలి. వాళ్ల తరఫున పనిచేసే ఏజెన్సీలకూ కావాలి.

ఆ పనుల్లో బీకాం వాళ్లకు బాగా నప్పేది రీకన్సిలియేషన్. వెయ్యి రూపాయల చీర అమ్ముడైతే సెల్లర్ ఖాతాలో వెయ్యి పడదు. కమీషన్, రవాణా ఖర్చు, వాటి మీద జీఎస్టీ పోతాయి. జీఎస్టీ కింద టీసీఎస్ పట్టుకుంటారు, 2024 జులై నుంచి అది 0.5 శాతం. ఆదాయపు పన్ను టీడీఎస్ వేరే, అది 2024 అక్టోబర్ నుంచి 0.1 శాతం. చీర వాపసు వస్తే ఈ లెక్కంతా తిరగరాయాలి. వాపసు వచ్చిందని డబ్బు కోసి, సరుకు చేరకపోతే క్లెయిమ్ వేయాలి. నెలకు వేల ఆర్డర్లలో ఈ తేడాలు పట్టుకునే మనిషి సెల్లర్‌కు నేరుగా డబ్బు మిగులుస్తాడు. దీనికి ఎక్సెల్‌లో వీలుకప్, పివట్ టేబుల్ రావాలి, జీఎస్టీ రిటర్నులు అర్థం కావాలి. ఇంగ్లిష్ యాస ఎవరూ అడగరు. అకౌంట్స్ వైపు ఎదగడానికీ దారి ఉంటుంది.

కేటలాగ్ పని రెండోది. ఫొటోలు, పేరు, కొలతలు, హెచ్ఎస్ఎన్ కోడ్ సరిగ్గా ఎక్కించడం. సెల్లర్ అకౌంట్లు, ప్రకటనల ఖర్చు చూసుకునే ఉద్యోగాలకు ఇది తొలిమెట్టు. కస్టమర్ సపోర్ట్ త్వరగా దొరుకుతుంది, కానీ చాలా చోట్ల నైట్ షిఫ్టులు. గోడౌన్‌లో పికింగ్, ప్యాకింగ్‌కు పదో తరగతి, ఇంటర్ చాలు. అక్కడ డిగ్రీకి అదనంగా విలువేమీ ఉండదు. డెలివరీ సంగతి ఇంకా కష్టం. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ వర్కర్‌ను నిర్వచించిందే సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడిగా. ఆ పని చేయడం చిన్నతనమని మేం అనడం లేదు. చదువు కోసం ఇంట్లో చేసిన అప్పు దానితో తీరదనే మా బాధ.

మరి కులం ఎక్కడ అడ్డొస్తుంది? రాజ్యాంగం 16(4) అధికరణ కింద రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ఈ రంగం దాదాపు మొత్తం ప్రైవేటు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో పత్రికా ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, తాము ప్రతిభే చూస్తామన్నవాళ్లే అభ్యర్థి కుటుంబ నేపథ్యం కూడా అడుగుతామని చెప్పారు. "నాన్నగారు ఏం చేస్తారు?" అనే మాట మర్యాదగానే వినిపిస్తుంది. కూలి పని అని చెప్పిన తర్వాత గదిలో ఏం మారుతుందో అక్కడ కూర్చున్నవాళ్లకు తెలుసు. ఇక ఖాళీలు ప్రకటన దాకా రాకుండా తెలిసినవాళ్ల రిఫరల్‌తో నిండిపోతే దరఖాస్తు వేసే వీలే ఉండదు.

అందుకే రాత పరీక్షో, ఎక్సెల్ పరీక్షో పెట్టే చోట్లకు ముందు దరఖాస్తు చేయమని మేం చెబుతాం. మన హాస్టళ్ల సీనియర్లు తమ కంపెనీల్లో ఖాళీల వివరాలు జూనియర్లకు పంపడం కూడా రాజకీయ పనే.

ఆఫర్ లెటర్ వస్తే కింద ఎవరి పేరుందో చూడండి. బోర్డు మీద పెద్ద కంపెనీ, లెటర్ మీద మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఉంటే మీ యజమాని ఆ ఏజెన్సీయే. సీటీసీలో యజమాని వాటా పీఎఫ్ కూడా కలిపి చూపిస్తారు, చేతికి వచ్చేది ఎంతో విడిగా అడగండి. జీతం 21 వేలలోపైతే సాధారణంగా ఈఎస్ఐ ఉండాలి. మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. ఉద్యోగం ఇస్తామని డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటామన్నా బయటికి వచ్చేయండి.

ఎవరూ పెద్దగా చెప్పని దారి ఇంకొకటి ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం 2016లో మొదలైన జెమ్ పోర్టల్ కూడా ఈ-కామర్సే. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనేదానిలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల పరిశ్రమల నుంచి కొనాలని నిబంధన. ఆ 4 శాతం నిండటం లేదు. ఇందులో అధికారుల నిర్లక్ష్యం ఉంది. పోర్టల్‌లో సరుకు ఎక్కించి, బిడ్ వేసి, కాగితాలు జత చేసే మనిషి చాలా యూనిట్లకు లేకపోవడమూ ఉంది. తోలు సంచులు కుట్టే యూనిట్, యూనిఫాంలు కుట్టే మహిళల బృందం మీ మండలంలోనే ఉండొచ్చు. యజమాని ఎస్సీ, ఎస్టీ అయినా, భాగస్వామ్యంలో వారి వాటా కనీసం 51 శాతం ఉన్నా ఆ యూనిట్ ఈ కోటా కిందికి వస్తుంది. ఒక్కో యూనిట్ నుంచి నెలకు ఇంత అని మాట్లాడుకుని నాలుగైదింటికి ఈ పని చేసిపెట్టవచ్చు. ముందుగా కావాల్సింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. అది ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లోనే అవుతుంది, ప్రభుత్వ పోర్టల్‌లో దానికి ఫీజు లేదు.