అగ్గి తెగులుకు జత దొరికితే

వరి ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. మన రైతులు దీన్ని అగ్గి తెగులంటారు. సాంబ మసూరి వేసేవాళ్లకు మరీ బాగా తెలుసు. ఆ ఒక్క మచ్చ నుంచే వేల సిద్ధబీజాలు గాలికి లేస్తాయి. ఒక్కో బీజంలో 3 కణాలు. తడి ఆకు మీద వాలాక మొలకెత్తి, కొసన నల్లటి బుడగ కడుతుంది. అందులో ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా పెరుగుతుంది. కారు టైరులో ఉండే దానికి సుమారు 40 రెట్లు! ఆ బలంతోనే ఆకును పొడుచుకుని లోపలికి దిగుతుంది. ట్రైసైక్లజోల్ కొడితే బుడగకు ఆ నలుపు పట్టదు, నలుపు లేనిదే ఒత్తిడి నిలవదు.

ఆ బీజాలన్నీ జత కలవకుండా పుట్టినవే, తల్లికి నకళ్లు. జత కట్టాలంటే ఈ తెగులు తెచ్చే శిలీంద్రంలో 2 రకాలు ఎదురుపడాలి: మ్యాట్ 1-1, మ్యాట్ 1-2. ఒకే రకం కోట్లలో ఉన్నా లాభం లేదు. రెండూ కలిసినా, కనీసం ఒకదానికి ఆడపాత్ర వహించే శక్తి ఉండాలి. ప్రపంచంలోని వరి పొలాల్లో దొరికేవాటిలో చాలావాటికి ఆ శక్తి పోయింది. అది ఇంకా మిగిలి ఉన్నది ఎక్కువగా ఆగ్నేయాసియా వైపే.

ఈ జతకట్టడాన్ని 1971లో అమెరికా శాస్త్రవేత్త హెబర్ట్ ప్రయోగశాలలో చూపించారు. ఆయన వాడింది గడ్డి మొక్కల మీది శిలీంద్రాన్ని. ఓట్స్ అగర్ పళ్లెంలో రెండు రకాలనూ ఎదురెదురుగా పెట్టి, 20 డిగ్రీల చల్లదనంలో వెలుతురు తగలనిస్తే, మూడు వారాలకల్లా అవి కలిసిన గీత వెంట పొడుగు మెడల నల్ల కుండలు లేస్తాయి. కుండ నిండా సంచులు, సంచికి 8 బీజాలు. ఈ శిలీంద్రానికి 7 క్రోమోజోములు. ఒక్కోటి తల్లి నుంచో తండ్రి నుంచో రావచ్చు కాబట్టి 2ను ఏడుసార్లు వేసి గుణిస్తే 128 కూర్పులు. క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం కూడా కలిపితే లెక్క మన చేతిలో ఉండదు.

వేల నకళ్ల కన్నా ఈ 128 నన్ను ఎక్కువ భయపెడుతుంది. గోధుమను చూడండి. దాన్ని పట్టే అగ్గి తెగులు 1985లో బ్రెజిల్‌లో బయటపడింది. 2016లో బంగ్లాదేశ్‌లో సుమారు 15,000 హెక్టార్లలో కంకులు తెల్లబారాయి. 2018లో జాంబియాలో కనిపించింది. జన్యువులు చదివితే బంగ్లాదేశ్, జాంబియా రెండింట్లోనూ ఒకే నకలు వంశం, విడివిడిగా దిగుమతైంది. నకలు కాబట్టి ఒక నిరోధక జన్యువుకు లొంగితే వంశమంతా లొంగుతుంది. ఇది ఇంకా మనకున్న వెసులుబాటు.

అయితే ఆ వంశాన్ని ఆఫ్రికాలో రాగి పైరు మీద దొరికిన శిలీంద్రంతో కలిపి చూస్తే, ప్రయోగశాలలో జత కట్టింది. జాంబియాలో గోధుమా పండుతుంది, రాగీ పండుతుంది. మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) చేలకూ అగ్గి తెగులు కొత్త కాదు. అందుకే గోధుమలో ఈ తెగులు కనిపించిన ప్రతిచోటా చుట్టుపక్కల పైర్ల మీదా, గట్టు మీది గడ్డి మీదా ఉన్న మచ్చలు కూడా తెచ్చి చూడాలి: అక్కడున్నది 1-1ఆ, 1-2ఆ?